గ్రేస్ టేలర్ కవిత్వం - మన పిల్లల గొంతు

దక్షిణ ఆక్లాండులో కవిత్వం పుస్తకాలలో కంటె వేదిక మీద ఎక్కువ వినిపిస్తుంది. ఆ వేదికను కట్టినవారిలో గ్రేస్ టేలర్ ముఖ్యులు. ఇప్పుడు గ్రేస్ ఇవాషిటా-టేలర్ అన్న పేరుతో రాస్తున్నారు. ఆమెలో సమోవా, ఇంగ్లీషు, జపాను వంశాలు కలిశాయి. 'సౌత్ ఆక్లాండ్ పొయెట్స్ కలెక్టివ్' స్థాపకులలో ఆమె ఒకరు. యువకులకు తోడుండి దారి చూపే పనిలో నుంచే, జై మెక్‌డొనాల్డ్‌తో కలిసి 'రైజింగ్ వాయిసెస్' అనే యువకవుల ఉద్యమాన్ని ఆరంభించారు.

ఆమె తొలి సంపుటి 'అఫాకాసీ స్పీక్స్' 2013లో వెలువడింది. 'హాఫ్ కాస్ట్' అన్న ఇంగ్లీషు మాటే సమోవా నోట 'అఫాకాసీ' అయింది. మన తాతల నోట 'అగ్రిమెంటు' 'గిర్మిట్' అయినట్టే. తక్కువచేసి పిలవడానికి వాడిన మాటనే ఆమె నెత్తికెత్తుకొని పుస్తకానికి పేరు పెట్టారు. 'కూలీ' అన్న పిలుపు విన్న ఇళ్ళవాళ్ళం మనం. ఆ తెగువ విలువ మనకు తెలుసు.

అయితే వేదిక కోసం పుట్టిన కవిత్వానికి ఒక చిక్కు ఉంది. వినేటప్పుడు ఊపునిచ్చే పునరుక్తి చదివేటప్పుడు బరువవుతుంది. పోటీలో న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తుంటే, గాయాన్ని చూపితేనే గెలుపు అని కుర్రకారు అనుకొనే ప్రమాదమూ లేకపోలేదు.

ఆ ప్రమాదానికి విరుగుడు ఆమె పనిలోనే ఉందని మా అభిప్రాయం. 2020 ఆక్లాండ్ ఆర్ట్స్ ఫెస్టివల్‌లో ఫాసిటువా అమోసా దర్శకత్వంలో ప్రదర్శించిన 'ఉపు'కు ఆమె కూర్చినవి తన కవితలు మాత్రమే కావు, పసిఫిక్ దీవుల కవుల రచనలు. 'ఉపు' అంటే సమోవా భాషలో మాట. బుర్రకథలో వంతలు లేనిదే కథకుడు లేడు. ఆమె కథకురాలిగా నిలబడగలిగి కూడా ఇతరులకు వంత పాడారు. యువతకు నేర్పే పని, కవిత్వం ఆమెలో వేరు వేరు కావు.

ఇక మన సంగతి. 1903 నుంచి దక్షిణాదివాళ్ళు ఫిజీ చెరకు తోటలకు చేరారు. 1987 సైనిక తిరుగుబాట్ల తరువాత ఎన్నో కుటుంబాలు న్యూజిలాండుకు తరలివచ్చాయి. ఇక్కడ మన పిల్లలకు ఇంట్లో ఫిజీ హిందీ, బడిలో ఇంగ్లీషు. తెలుగు భజనలోను, పండుగనాడు మాత్రమే. సభలో వారిచేత కంఠస్థ పద్యం చెప్పించి చప్పట్లు కొడతాం. సొంతంగా నాలుగు ముక్కలు మాట్లాడబోతే ఉచ్చారణ దిద్దుతాం, లేదా నవ్వుతాం. ఆ పిల్ల మరుసటి ఏడు వేదిక ఎక్కదు. తెలుగు మన ఇళ్ళలో తగ్గిపోవడానికి దూరం ఒక్కటే కారణం కాదు, ఈ నవ్వూ కారణమే.

పద్యాన్ని మానమని మేము అనడం లేదు. వచ్చే ఉగాది సభలో పద్యం తరువాత పిల్లల సొంత మాటలకు కొంత సమయం కేటాయించాలి. మూడు భాషలు కలగలిసినా సరే, పెద్దలు దిద్దకుండా వినాలి. మన సంఘాల కార్యవర్గాలు ఈ సంగతి ఆలోచించవలసిందని కోరుతున్నాము.