ప్రార్థనలో పెట్టుకుంటా బ్రదర్

‘ప్రార్థనలో పెట్టుకుంటా బ్రదర్’ అనే మాట మీద నాకున్న చిరాకు ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ‘తీరిక చేసుకుని ఇంటికి రండి’ వరసలో చేరిపోయిన మాట అది. అన్నవాళ్లు గుడి మెట్లు దిగేలోపే మర్చిపోతారు. రెండు వారాల కిందట ఆదివారం పొద్దున్నే మదీనా బస్టాపులో మళ్లీ ఆ మాటే తగిలింది.

ఒక పెద్దావిడ. తెల్లచీర, ఒళ్లో జిప్పు కవరు బైబిలు. ఉప్పుగూడ నుంచి బయల్దేరి, గోల్కొండ చౌరస్తా దగ్గరి హెబ్రోను ప్రార్థనా మందిరానికి పోతోంది. బస్సు రాదు, మాటలు ఆగవు. మనవరాలికి నాలుగు రోజులుగా జ్వరం తగ్గడం లేదని నోరు జారాను. ఇంకేం, అనేసింది.

హెబ్రోను అనగానే నా బుర్ర దాన్ని మొదలుపెట్టిన భక్తసింగ్ దగ్గరికి వెళ్లిపోయింది. పంజాబీ సిక్కు. చదువుకునే రోజుల్లో బహుమతిగా వచ్చిన బైబిలును చింపేసి, అట్ట బాగుందని అది మాత్రం దాచుకున్నవాడు. 1929లో కెనడాలో, విన్నిపెగ్‌లో, ఒక మిత్రుణ్ణి బైబిలు కావాలని అడిగితే అతను జేబులోని కొత్త నిబంధన తీసి ఇచ్చాడట. సాక్ష్యాలు చెప్పేవాళ్లందరూ ఆ జేబు దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం జాన్, ఎడిత్ హేవర్డ్ దంపతుల భోజనాల బల్లే గుర్తుంటుంది. ఎక్కడి నుంచో వచ్చిన కుర్రాణ్ణి ఇంట్లో ఉండమన్నారు. రోజూ భోజనం దగ్గర బైబిలు చదువుకోవడం వాళ్లకు అలవాటు. ఆ అలవాటులో అతనికీ చోటిచ్చారు. 1932లో వాంకోవర్‌లో బాప్తిస్మం, మరుసటేడు బొంబాయి. విశ్వాసం సంగతి దాచమన్న కన్నవాళ్ల మాటకు ఒప్పుకోక, వాళ్లు లేకుండానే మిగిలాడు. 2000లో మన హైదరాబాదులోనే కన్నుమూశాడు. ఆయన సంఘాల్లో ఆరాధన అయ్యాక చాపల మీద బంతులు తీరి ప్రేమవిందు తింటుంటే, నాకు ఆ విన్నిపెగ్ బల్లే ఇంత పొడుగు సాగినట్టు అనిపిస్తుంది. ఎదురుపడటం ఎవరైనా ఎదురుపడతారు. పరాయివాడికి రోజూ కంచం పెట్టేవాళ్లేరీ? ఆ మాటే కొంచెం ఘాటుగా ఈవిడకు చెబుదామనుకున్నాను.

ఈలోపు ఆవిడ సంచిలోంచి చిన్న నోటుబుక్కు తీసింది. పక్కనుంచి తొంగి చూశాను. ‘ఉస్మానియా దవాఖాన, కాలు తీసేసిన పోరడు.’ ‘లాడ్ బజార్ గాజులామె, కండ్లు.’ ‘ఫలక్‌నుమా రైలు, ఏడ్సుకుంట కూసున్న పిల్ల.’

“పేర్లు లేవేంటమ్మా?”

“అడుగుడు మర్చిపోత. దేవునికి ఎర్కేనాయె.”

“వీళ్లంతా మళ్లీ కలిశారా?”

“యాడ కలుస్తరు బ్రదర్? రైలు పిల్లకు ఈపాటికి పిల్లలు పుట్టి ఉంటరు.”

“ఇంకా ఎన్నాళ్లు చేస్తారు?”

“బుక్కు నిండేదాక. నిండినంక కొత్తదాంట్ల మల్ల రాసుకుంట.”

నా భోజనాల బల్ల అక్కడ కొంచెం ఊగింది. పదకొండేళ్లు ఆఫీసులో ఒకే క్యారియరు పంచుకు తిన్న మిత్రుడొకడు నాకున్నాడు. ఉన్నాడనే అనుకుంటున్నాను. ఫోను చేసి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టబోయి మానేశాను. అన్ని కంచాల లెక్క నా దగ్గరుంది, మనిషి లేడు. ఆవిడ దగ్గర పేరైనా లేని మనుషులు పుస్తకం మారినప్పుడల్లా వెంట వస్తున్నారు.

బస్సొచ్చింది. ఎక్కేముందు ‘మదీనా, కండ్లద్దాలాయన, మనుమరాలి జెరం’ అని రాసుకుంది. నేనూ పేరు అడగలేదు.

పాపకు మంగళవారం జ్వరం జారింది. మొన్న ఆదివారం అదే వేళకు వెళ్లి మదీనాలో నిలబడ్డాను. మూడు బస్సులు వదిలేశాను. ఆవిడ రాలేదు. తగ్గిందన్న సంగతి తెలియదు కనుక, ఆ జ్వరం కోసం ఇంకా ప్రార్థన చేస్తూనే ఉండి ఉంటుంది.