చేర్పులు సరే, దిద్దుబాట్లేవి?

మా ఆశ్రమ పాఠశాలలో చదువుకుని ఇప్పుడు విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేస్తున్న కోయ అమ్మాయి ఒకతె వేసవి సెలవులకు ఊరొచ్చింది. ఒక సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని మా దగ్గరికి వచ్చి, "సార్, మన గురించి ఏం రాశారో చూడండి" అంది. కోయల పెళ్ళిళ్ళ మీద ఎవరో రాసిన పీహెచ్.డి. సిద్ధాంత గ్రంథం అది. అందులో గట్ల వారీగా ఇంటిపేర్ల పట్టిక ఉంది. మా ఊళ్ళో చాలా ఇళ్ళకున్న ఒక ఇంటిపేరు అందులో ఐదో గట్టు కింద పడింది. నిజానికి అది మూడో గట్టు ఇంటిపేరు.

బయటివాళ్ళకు ఇది అచ్చుతప్పు లాంటిది. కోయవాళ్ళకు అలా కాదు. ఒకే గట్టు వాళ్ళు అన్నదమ్ముల వరస. వాళ్ళ మధ్య పెళ్ళి కుదరదు. గట్టు మారితే వేల్పు మారుతుంది, వరస మారుతుంది, చెల్లెలు కావలసిన పిల్ల మరదలవుతుంది. ఆ పట్టిక చదివి వినిపిస్తే మా ఊరి పెద్దాయన ఒకటే మాట అన్నాడు: "డోలోళ్ళు ఇట్లా తప్పు పాడితే అక్కడికక్కడే ఆపేవాళ్ళం. దీన్ని ఎవరు ఆపాలె?"

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. ఒక పుస్తకం బాగుందో లేదో చెప్పడం విమర్శ అంటారు. కానీ ఈ రోజుల్లో మన పిల్లలు పుస్తకం కన్నా ముందు చేరేది పుస్తకాల గోదాముకి, అంటే లైబ్రరీల ఎలక్ట్రానిక్ పరిశోధన డేటాబేస్‌లకి. ఏ పుస్తకం ముందు కనిపించాలో, ఏది కనిపించకూడదో, మన పేరు ఏ అక్షరాలతో ఉండాలో అవే తేలుస్తున్నాయి. కాబట్టి వాటినీ ఒక రచనను చదివినట్టే చదవాలి, విమర్శించాలి.

ముందు మంచి చెప్పుకోవాలి. 2009లో యూజీసీ తెచ్చిన నిబంధనల వల్ల సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు ఇవ్వడం తప్పనిసరి అయింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో అవి లక్షల్లో చేరాయి. ఎవరైనా డబ్బు కట్టకుండా చదవొచ్చు. ఒకప్పుడు మన మీద రాసిన థీసిస్ చూడాలంటే హైదరాబాదుకో విశాఖకో బస్సెక్కి, లైబ్రేరియన్ని బతిమాలుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఫోన్లో తెరుచుకుంటోంది. ఆ అమ్మాయికి ఆ తప్పు కనబడిందంటే కూడా ఈ సౌకర్యం వల్లనే. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి ఆమోదం తెలిపింది. 2025 నుంచి మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికలు 6,300కు పైగా ప్రభుత్వ ఉన్నత విద్యా, పరిశోధన సంస్థలకు అందేలా ఏర్పాటు. ఏజెన్సీలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ పిల్లవాడికీ ఢిల్లీ విద్యార్థికీ ఒకే పత్రిక తెరుచుకోవాలనే ఆలోచన మెచ్చదగినదే.

అయితే ఈ ఏర్పాటు సంస్థలకు, వ్యక్తులకు కాదు. కాలేజీలో ఉన్నన్నాళ్ళే తలుపు తెరిచి ఉంటుంది. చదువు ముగించుకుని ఊరికి వచ్చి ఆశ్రమ పాఠశాలలో టీచరుగా చేరగానే మూసుకుంటుంది. మన గురించి రాసిన వ్యాసం మన ఊళ్ళో ఉంటే చదవలేం, ఊరు విడిచిపోతే చదవగలం.

మరి మూయకుండా ఉన్నవి ఏవి? ఎక్కువగా పాతవి. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయంతో ఏడు సంపుటాలుగా వేసిన 'దక్షిణ భారతదేశపు కులాలు, తెగలు' పుస్తకానికి కాపీహక్కు కాలం ఎప్పుడో తీరిపోయింది. కాబట్టి అది అంతటా ఉచితం. మనుషుల తలలు, ముక్కులు కొలిచి జాతుల లెక్క తేల్చవచ్చని నమ్మిన కాలపు పుస్తకం అది. మా పదో తరగతి పిల్లవాడు ప్రాజెక్టు కోసం తన తెగ పేరు ఇంగ్లీషులో కొడితే ముందుగా వచ్చేవి ఇలాంటివే. ఆ తర్వాతి వందేళ్ళలో ఆ మాటలను తప్పని చూపిన వ్యాసాలు రుసుము గోడ వెనక ఉన్నాయి. పాత తిట్టు ఊరికే దొరుకుతుంది, దానికి జవాబు డబ్బు కడితే దొరుకుతుంది. కొత్త వ్యాసాలు నెలనెలా చేరుతూనే ఉన్నా, గోడ బయట నిలబడ్డవాడికి మనం 1909లోనే ఆగిపోయి కనిపిస్తాం.

రెండో సంగతి పేరు. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ కొండరెడ్ల మీద రాసిన పుస్తకం 1945లో వచ్చింది. దాని పేరులో 'కొండరెడ్డి' అన్న మాట లేదు, 'బైసన్ కొండల రెడ్లు' అని ఉంది. గోదావరి ఇరుకున పాపికొండల దగ్గర పుట్టిన పిల్లకు తాను 'బైసన్ కొండల' దానినని ఎలా తెలుస్తుంది? సవరల గురించి వెతికితే సవర, సవోర, సొర, సౌర అని నాలుగు దార్లు. కోయల గురించి కోయ, కోయి, కోయితూర్, దొర్ల. ఒక దారిలో పోయినవాడికి తక్కిన దార్లలో ఉన్నవి దొరకవు. డేటాబేస్ అక్షరాలు చూస్తుంది, మనుషుల్ని చూడదు. ఈ పేర్లన్నీ ఒకరివేనని దానికి ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పగలిగిన మనల్ని అడిగినవారు లేరు.

భాషల సంగతి ఇంకా చిత్రం. లైబ్రరీ కేటలాగుల్లో ప్రతి పుస్తకానికీ అది ఏ భాషదో తెలిపే మూడక్షరాల సంకేతం ఉంటుంది. చాలాకాలంగా వాడుకలో ఉన్న జాబితాలో తెలుగుకు సొంత సంకేతం ఉంది. గోండికి, సంతాలీకి, కుడుఖ్‌కు ఉంది. కొలామీకి లేదు, కువికి లేదు. అవి 'ద్రావిడ భాషలు' అని రాసిన ఒకే సంచిలో పడతాయి. సవర 'ముండా భాషలు' సంచిలో పడుతుంది. 2007లో వచ్చిన కొత్త ప్రమాణంలో కోయ, కొలామీ, కువి, సవర అన్నిటికీ విడివిడిగా సంకేతాలు ఇచ్చారు. కేటలాగు రాసేవాళ్ళు వాటినీ వాడవచ్చు. కానీ పాత రికార్డు దానంతటది మారదు. ఎవరో కూర్చుని ఒక్కొక్కటీ తెరిచి మార్చాలి. ఆస్ట్రేలియాలో ఆ పని చేశారు. 2019 ఐక్యరాజ్యసమితి ఆదివాసీ భాషల సంవత్సరం. ఆ ఏడాది అక్కడి జాతీయ గ్రంథాలయం పిలుపుతో లైబ్రరీలు తమ రికార్డుల్లో ఆదివాసీ భాషల సంకేతాలను చేర్చాయి. మన దగ్గర కొలామీ వాచకాన్ని కొలామీ పేరుతో వెతికి పట్టుకోవడానికి అలాంటి పిలుపు ఎప్పుడొస్తుందో.

మూడోది, అసలైనది, పెద్దాయన అడిగిన ప్రశ్న. ఆపేదెవరు?

దిద్దుబాటుకు సాంకేతికంగా దారి లేదని ఎవరూ అనలేరు. అంతర్జాతీయ పత్రికల వ్యాసాల పక్కన 'క్రాస్‌మార్క్' అనే చిన్న బొత్తాం ఉంటుంది. నొక్కితే ఆ వ్యాసాన్ని తర్వాత సవరించారా, వెనక్కి తీసుకున్నారా అన్నది చెబుతుంది. వెనక్కి తీసుకున్న వ్యాసాల జాబితా ఒకటి 'రిట్రాక్షన్ వాచ్' పేరుతో ఉంది. దాన్ని 2023లో క్రాస్‌రెఫ్ సంస్థ తీసుకుని అందరికీ ఉచితం చేసింది. మందుల మీద రాసిన వ్యాసంలో తప్పుంటే రోగి ప్రాణం పోతుందని ఈ జాగ్రత్త. మంచిదే. అయితే అక్కడ దిద్దే హక్కు రచయితకీ ప్రచురణకర్తకీ ఉంది. ఎవరి గురించి రాశారో వాళ్ళకి లేదు. మాకు కనిపించిన ఆ సిద్ధాంత గ్రంథం పేజీలో అయితే ఆ మాత్రం బొత్తాం కూడా లేదు. డిగ్రీ వచ్చింది, పీడీఎఫ్ ఎక్కింది, పని అయిపోయింది. ఏటా కొత్త గ్రంథాలు వచ్చి చేరతాయి. వాటిలో కొన్ని ఈ పట్టికనే ఎత్తి రాసుకుంటాయి. తప్పు ఒకటి మూడవుతుంది, మూడుచోట్ల ఉంది కాబట్టి నిజమవుతుంది.

మన విషయంలో కూడా తప్పుకు ధర ఉంది. గిరిజన ధ్రువపత్రం మీద తగాదా వస్తే ఏం చేయాలో 1994లో మాధురీ పాటిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తెగ దేవతలు, ఆచారాలు, పెళ్ళి పద్ధతి, చావు కర్మలు ఆ వ్యక్తికి తెలుసా లేదా అన్నది విచారణలో చూడాలన్నది. ఆ పోలికే అంతిమ పరీక్ష కాదని 2023లో అదే కోర్టు స్పష్టం చేసింది కానీ, పోలిక చూడటం మానేయమనలేదు. పోల్చేవాళ్ళ చేతిలో ఉండేది ఏమిటి? రాసి ఉన్న పుస్తకం. పుస్తకంలో ఐదో గట్టు అని ఉండి, పిల్లవాడు మూడో గట్టు అని చెబితే ఎవరి మాట నెగ్గుతుంది?

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ అమ్మాయి పీడీఎఫ్‌ను పైకి జరిపి కృతజ్ఞతల పేజీ చూపించింది. సమాచారం ఇచ్చినందుకు 'స్థానిక ఉపాధ్యాయులకు' ధన్యవాదాలు చెప్పారు. ఆ ఉపాధ్యాయులం మేమే. చాలా ఏళ్ళ కిందట ఎవరో పరిశోధకుడు మధ్యాహ్న భోజనం వేళ వచ్చాడు. వరండాలో కూర్చుని అరగంటలో ఇంటిపేర్లు చెప్పేశాం. పెద్దాయన ఇల్లు పాఠశాల నుంచి పిలిస్తే వినబడేంత దూరం. పిలవలేదు. మేము తప్పు చెప్పామా, ఆయన తప్పు రాసుకున్నాడా, ఇప్పుడు తేలదు. రాసింది ఒకసారి మాకు తెచ్చి చూపమని అడగాలని కూడా మాకు తోచలేదు. చదువుకున్నాం కాబట్టి తెగ తరఫున మాట్లాడవచ్చని అనుకున్నాం. డేటాబేస్‌ను తిట్టేముందు ఆ అరగంటను గుర్తు చేసుకోవాలి.

డోలోళ్ళ పద్ధతి వేరు. వాళ్ళు పడిగె విప్పి, వంశం కథ పాడేది ఆ వంశం వాళ్ళ ముందే. పేరు తప్పితే విన్నవాళ్ళు ఊరుకోరు. పాడేవాడు సరిచేసుకుని ముందుకు పోతాడు. చేర్పూ దిద్దుబాటూ ఒకే కూర్చోవడంలో జరుగుతాయి. ఈ పద్ధతిని కంప్యూటర్‌లోకి తేవడం కుదరదా అంటే, తెచ్చినవాళ్ళున్నారు. ఆస్ట్రేలియా నడిబొడ్డున టెన్నెంట్ క్రీక్ దగ్గర వారుముంగు ఆదివాసీలతో కలిసి 'ముకుర్తు' అనే వ్యవస్థ తయారు చేశారు. అందులో ఒక ఫోటోకో పత్రానికో మ్యూజియం రాసిన వివరం పక్కనే ఆ తెగ వాళ్ళు తమ వివరం పెట్టుకోవచ్చు. ఏది అందరికీ చూపాలి, ఏది తెగలోనే ఉండాలి అన్నది కూడా వాళ్ళే నిర్ణయిస్తారు. కెనడాలో మోహాక్ తెగకు చెందిన లైబ్రేరియన్ బ్రయన్ డియర్ 1970లలో పుస్తకాల వర్గీకరణనే కొత్తగా రాశాడు. తెగలను ఇంగ్లీషు అక్షరక్రమంలో కాకుండా ఇరుగుపొరుగు సంబంధాన్ని బట్టి అమర్చాడు. వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయపు ఆదివాసీ గ్రంథాలయం నేటికీ ఆ పద్ధతిని తనకు తగ్గట్టు మార్చుకుని వాడుతోంది. లైబ్రేరియన్ ఉద్యోగం మన పిల్లలు ఎందుకు చదవాలో ఈ ఒక్క మనిషిని చూస్తే తెలుస్తుంది.

విశ్వవిద్యాలయాలను మనం అడగవలసింది పెద్ద కోరిక కాదు. సిద్ధాంత గ్రంథాన్ని చెరపమనడం లేదు, మార్చమనడం లేదు. దాని పక్కన ఇంకొక పేజీ పెట్టనివ్వండి. 'ఫలానా పట్టిక గురించి ఆ ఊరివాళ్ళు ఇలా అంటున్నారు' అని ఉంటే చాలు. చదివేవాడు రెండూ చదువుతాడు.

అది వచ్చేదాకా మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. పరిశోధన చేస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ గ్రంథం ఎక్కించేటప్పుడు వెతుకుడు మాటలు అడుగుతారు. అక్కడ మీ తెగకు ఉన్న పేర్లన్నీ, మనం మనల్ని పిలుచుకునే పేరుతో సహా రాయండి. రేపు వెతికేవాడికి అదే దారి. సమర్పించేముందు ఊరికి తెచ్చి, పెద్దల ముందు చదివి, తప్పులు దిద్దించుకోండి. వేల్పుల విషయంలో బయట పెట్టకూడనిది పెట్టకండి. తోటి ఉపాధ్యాయులు బడిలో ఒక దిద్దుబాటు పుస్తకం పెట్టండి. ఏ పుస్తకం, ఏ పేజీ, ఏం తప్పు, సరైనది ఎవరు చెప్పారు, ఏ తేదీన. మేము మొదలుపెట్టాం. ఇప్పటికి పదకొండు పేజీలు నిండాయి.

ఆ పట్టిక గురించి సంబంధిత విభాగానికి ఉత్తరం రాశాం. జవాబు రాలేదు. మా అమ్మాయి మాత్రం ఆగలేదు. తన ఎం.ఏ. ప్రాజెక్టులో చివర ఒక పేజీ చేర్చింది. పెద్దాయన చెప్పిన గట్లూ ఇంటిపేర్లూ రాసి, ముందు వచ్చిన పట్టికలో ఎక్కడ తప్పుందో చూపి, కింద ఆయన వేలిముద్ర వేయించింది. ముద్ర వేసేముందు ఆయన ఆ పేజీ రెండుసార్లు చదివించుకున్నాడు. రెండోసారి ఒక ఇంటిపేరు దగ్గర ఆపి దిద్దించాడు.