షెడ్యూలర్లను కోర్లకు కట్టేస్తే

ఎర్లాంగ్ భాష 1980ల నడుమ స్వీడన్‌లోని ఎరిక్‌సన్ ప్రయోగశాలలో పుట్టింది. జో ఆర్మ్‌స్ట్రాంగ్, రాబర్ట్ విర్డింగ్, మైక్ విలియమ్స్ దాన్ని టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం తీర్చిదిద్దారు. వేలాది కాల్స్ ఒకేసారి నడవాలి, ఒకటి కూలినా పక్కదానికి సెగ తగలకూడదు అన్నది వాళ్ల పట్టుదల. పెళ్లి పిలుపుల దగ్గర్నుంచి పొలం ఫొటోల దాకా మనం పంపుకునే వాట్సాప్ సందేశాలను మోసే సర్వర్లు ఈ భాష మీదే పెరిగాయి. 2012 నాటికే ఒక్క సర్వర్ మీద 20 లక్షలకు పైగా కనెక్షన్లు నిలబెట్టామని ఆ సంస్థ ప్రకటించింది.

ఇంత బరువు మోసేవి షెడ్యూలర్లు. ఎర్లాంగ్‌లో ప్రాసెస్ అంటే రెండు మూడు కిలోబైట్లతో మొదలయ్యే చిన్న ప్రాణి. లక్షల కొద్దీ ఉన్న ఈ ప్రాసెస్‌లను నడపడానికి రన్‌టైమ్ మామూలుగా లాజికల్ ప్రాసెసర్‌కు ఒకటి చొప్పున షెడ్యూలర్ థ్రెడ్‌లను లేపుతుంది. ప్రతి షెడ్యూలర్‌కూ సొంత క్యూ ఉంటుంది. వంతు వచ్చిన ప్రాసెస్‌కు సుమారు 4000 రిడక్షన్లు, అంటే ఇంచుమించు అన్నే ఫంక్షన్ కాల్స్, దక్కుతాయి. అవి అయిపోగానే పక్కకు తప్పుకోవాలి. ఎవరూ గుత్తకు తీసుకోకుండా చూసే ఈ పద్ధతి ఎర్లాంగ్‌కు ఆయువుపట్టు.

అయితే ఆ షెడ్యూలర్ థ్రెడ్‌లు ఏ కోర్ మీద నడవాలో నిర్ణయించేది ఆపరేటింగ్ సిస్టమ్. అది వాటిని ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు మార్చగలదు. మారినప్పుడల్లా ఖర్చే. కంసాలి కుంపటి, పట్టుకారు, త్రాసు చేతికందేలా పెట్టుకుని కూర్చున్నాక అతన్ని లేపి వేరే పీట మీద కూర్చోబెడితే, పనిముట్లన్నీ మళ్లీ తెచ్చుకునే దాకా పని సాగదు. కోర్‌కు కూడా దగ్గరి క్యాష్‌లో ఉన్న డేటా నాలుగైదు సైకిళ్లలో అందుతుంది. ప్రధాన మెమరీ దాకా వెళ్లాలంటే వందల సైకిళ్లు పడతాయి. రెండు సాకెట్ల యంత్రమైతే నష్టం ఇంకా లోతు. ఎర్లాంగ్‌లో షెడ్యూలర్‌కు ఒకటి చొప్పున మెమరీ అలొకేటర్ ఉంటుంది. లినక్స్ సాధారణంగా మెమరీ పేజీని మొదట తాకిన కోర్ ఉన్న సాకెట్ దగ్గరే కేటాయిస్తుంది. ఆ షెడ్యూలర్ తర్వాత అవతలి సాకెట్‌కు పోతే, తన మెమరీనే తాను దూరం నుంచి తెచ్చుకోవాల్సి వస్తుంది.

అందుకే షెడ్యూలర్లను కోర్లకు కట్టేసే సదుపాయం పెట్టారు. రన్‌టైమ్‌ను మొదలుపెట్టేటప్పుడు 'ప్లస్ ఎస్‌బీటీ డీబీ' అనే ఆప్షన్ ఇస్తే చాలు. అది ఇవ్వకుండా షెల్‌లో షెడ్యూలర్ బైండింగ్స్ అడిగితే వరసగా 'అన్‌బౌండ్' అనే మాటే వస్తుంది. ఇచ్చాక అంకెలు కనిపిస్తాయి. నాలుగు కోర్లు, ఒక్కో దానిలో రెండు హార్డ్‌వేర్ థ్రెడ్‌లు ఉన్న యంత్రంలో 0, 1 మొదటి కోర్‌వి, 2, 3 రెండోదానివి, అలా సాగితే, జాబితా 0, 2, 4, 6, 1, 3, 5, 7 అని వస్తుంది. ఆ వరసలోనే కిటుకంతా ఉంది. పని తక్కువగా ఉన్నప్పుడు రన్‌టైమ్ దాన్ని ముందు వరసలోని షెడ్యూలర్ల మీదికే కుదిస్తుంది. కాబట్టి మొదటి నాలుగు షెడ్యూలర్లకూ విడివిడి కోర్లు దక్కాలి. ఒకే కోర్‌లోని రెండు థ్రెడ్‌లు క్యాష్‌నూ లెక్కలు చేసే యూనిట్లనూ పంచుకుంటాయి గనుక, వాటిని జతగా నింపడం ఆఖరికి వాయిదా పడుతుంది. ఇది నాకు ఎంతో ముచ్చటైన ఏర్పాటు.

ఇక్కడ కట్టేసేది షెడ్యూలర్‌నే తప్ప ప్రాసెస్‌ను కాదు. భారం సరిచూడడానికి ప్రాసెస్‌లు ఒక క్యూ నుంచి మరో క్యూకు మారుతూనే ఉంటాయి. ఖాళీగా ఉన్న షెడ్యూలర్ పక్కవాడి పని లాక్కుంటుంది. కనుక కట్టేయగానే క్యాష్ కష్టాలన్నీ తీరిపోవు.

ఇంత మేలుంటే డిఫాల్ట్‌గా ఎందుకు కట్టెయ్యరు? ఆ యంత్రం మీద కట్టుకుని కూర్చున్నవాళ్లు ఇంకెవరున్నారో రన్‌టైమ్‌కు తెలియదు. ఒకే యంత్రం మీద రెండు ఎర్లాంగ్ రన్‌టైమ్‌లు ఇదే ఆప్షన్‌తో లేచాయనుకోండి. రెండింటి మొదటి షెడ్యూలరూ 0 మీదే కూర్చుంటుంది. పని తక్కువైతే రెండూ దాన్ని ముందు షెడ్యూలర్లకే కుదిస్తాయి. ఫలితంగా కొన్ని కోర్ల మీద తోపులాట, మిగతావి ఖాళీ. పైగా పని లేని షెడ్యూలర్ వెంటనే నిద్రపోదు, కాసేపు తిరుగుతూ ఎదురుచూస్తుంది. ఆ తిరుగుడు పక్కవాడి సమయాన్ని తినేస్తుంది. కట్టని థ్రెడ్ అయితే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని ఖాళీ కోర్‌కు మార్చి గండం గట్టెక్కించేది. కట్టేశాక దాని చేతులూ కట్టేసినట్టే. ఎర్లాంగ్ అధికారిక పత్రాలు కూడా ఈ నష్టం తీవ్రంగా ఉండవచ్చని హెచ్చరిస్తాయి.

అందుకే కట్టాలా వద్దా అనేది యంత్రం ఎవరిది అన్న ప్రశ్నకు ముడిపడి ఉందని నా గట్టి అభిప్రాయం. సర్వర్ మొత్తాన్ని ఒక్క రన్‌టైమ్‌కే అప్పగించినచోట కట్టెయ్యండి. సందేశాల బట్వాడా చేసే రాబిట్‌ఎమ్‌క్యూ తన షెడ్యూలర్లను కట్టేసే లేస్తుంది. కానీ అలాంటివి రెండు ఒకే యంత్రం మీద పెడితే ఆ కట్టును విప్పాలి. కంటైనర్లలోనైతే మరింత జాగ్రత్త: పక్క కంటైనర్‌లో ఏముందో మీకూ కనపడదు, రన్‌టైమ్‌కూ కనపడదు.

కట్టే ముందూ, కట్టాకా లినక్స్‌లోని 'పర్ఫ్ స్టాట్' పెట్టి థ్రెడ్‌లు ఎన్నిసార్లు కోర్ మారాయో చూడండి. ఆ అంకె దాదాపు సున్నాకు పడిపోతుంది, అది చూసి మురిసిపోవద్దు. అసలు చూడాల్సింది నూటికి ఒకటిగా మిగిలే ఆలస్యపు జవాబులను. అవి తగ్గకపోతే ఆ ఆప్షన్ తీసెయ్యండి.