సబ్బినాడు: నామార్థం, ప్రయోగ పరిధి

“కరీంనగర్ జిల్లాకు ప్రాచీన నామం సబ్బినాడు” అనే వాక్యం స్థానిక చరిత్రలలోను, సాహిత్య చరిత్రల పాదసూచికలలోను తరచు కనిపిస్తుంది. ఈ సమీకరణం సౌకర్యవంతమైనదే కాని, శాసన ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నిలవదు. 2016 అక్టోబరులో ఆ జిల్లా జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల మొదలైన జిల్లాలుగా విడిపోయిన తరువాత దానిలోని లోపం మరింత స్పష్టమైంది.

సబ్బి అనే పేరు శాసనాలలో ఎప్పుడూ ఒకే రూపంలో లేదు. జినవల్లభుని కురిక్యాల శాసనంలో (సుమారు 945) అది “నాడు”. 966 నాటి పర్భణీ తామ్రశాసనంలో “దేశ సహస్రం”. కాకతీయుల నాటికి “సాయిరం”. సాయిరమంటే కన్నడంలో వెయ్యి. తెలుగు వ్యాసాలలో ఈ మాటను అనువదించకుండా పేరులో భాగంగానే రాసే అలవాటు ఉంది. అందువల్ల అది చాళుక్య పాలనా పరిభాష అన్న సంగతి మరుగున పడుతోంది.

ఈ వెయ్యిని గ్రామాల సంఖ్యగా గ్రహించడం పరిపాటి. పర్భణీ శాసనం మూడవ అరికేసరి సోమదేవసూరికి చేసిన దానాన్ని తెలుపుతుంది. దానమిచ్చిన వనికటుపులు గ్రామం సబ్బి వెయ్యిలోని రేపాక పన్నెండులో ఉన్నదని అది చెబుతుంది. గమనించవలసినదేమంటే, “గ్రామీ” అనే పదం పన్నెండుకు చేరింది కాని వెయ్యికి చేరలేదు. లేఖకునికి చిన్న విభాగం లెక్కించదగిన ఊళ్ల సముదాయం. పెద్దది సంఖ్యతో గుర్తించే దేశం. ఈ ఒక్క ప్రయోగం వివాదాన్ని ముగించదు. అయినా వెయ్యి ఊళ్ల జాబితాను కూర్చే ప్రయత్నాలకు ఇది పెద్ద అడ్డంకి.

సమీకరణం వల్ల జరిగిన అసలు నష్టం ధర్మవురం విషయంలో కనిపిస్తుంది. రెండవ అరికేసరి పంపకవికి ఇచ్చిన అగ్రహారం ధర్మవురం. దీనిని గోదావరి తీరంలోని నేటి ధర్మపురిగా చాలామంది గుర్తించారు. జిల్లా అంతా సబ్బినాడే అనుకున్నప్పుడు ధర్మపురి అందులో ఇమిడిపోతుంది కనుక అభ్యంతరం తోచలేదు. కాని పంపని తమ్ముడైన జినవల్లభుడు దిక్కులు స్పష్టంగా చెప్పాడు: ధర్మవురం సబ్బినాటి నట్టనడుమ ఉన్నది, వృషభగిరి ఆ ఊరికి ఉత్తరాన ఉన్నది. వృషభగిరి కురిక్యాల వద్ద ఉన్న బొమ్మలమ్మ గుట్ట. శాసనం ఆ రాతిపైనే ఉన్నది. నేటి ధర్మపురి ఆ గుట్టకు ఉత్తరాన చాలా దూరంలో ఉన్నది. శాసనాన్ని నమ్మితే ధర్మవురాన్ని గుట్టకు దక్షిణాన వెదకాలి. పేరులోని సామ్యం కోసం దిక్కును తారుమారు చేయడం శాస్త్రీయం కాదు. పైగా రేపాక కూడా కురిక్యాలకు దక్షిణాననే ఉంది, వేములవాడ నైరుతిన ఉంది. అంటే పదవ శతాబ్దపు సబ్బికి కేంద్రం గోదావరి తీరం కాదు, గంగాధర పరిసరాలు.

కాకతీయుల కాలంలో పేరు మరో పాత్ర వహించింది. మంత్రి వైజదండనాథుని చాతుర్యం వల్ల రెండవ బేతరాజు చాళుక్య చక్రవర్తి నుండి సబ్బి సాయిరాన్ని పొందాడని 1117 నాటి హనుమకొండ పద్మాక్షి గుట్ట శాసనం పేర్కొంటుంది. ఇక్కడ సబ్బి ఒక అధికార పత్రంలోని మాట. పొందడం వేరు, ఏలడం వేరు. 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనం రుద్రదేవుడు మేడరాజును ఓడించి పొలవాస దేశాన్ని గెలిచినట్లు చెబుతుంది. జగిత్యాల సమీపంలోని పొలాసయే ఆ పొలవాస. ఆ ప్రశస్తిలో జగిత్యాల ప్రాంతం సబ్బిగా కాక, పొలవాస దేశంగానే వ్యవహారంలోకి వచ్చింది.

కోరుట్ల, మెట్‌పల్లి, ముత్యంపేట వంటి ఊళ్లను ఏ విచారణా లేకుండా సబ్బినాటిలో చేర్చే స్థానిక రచనలకు ఇది ఎదురు సాక్ష్యం. ముత్యంపేట అనే పేరును మరో కోణంలోనూ చూడాలి. “పేట” అనే ఉత్తరపదం అంగడిని, వర్తక నివాసాన్ని సూచిస్తుంది. అది నాడు, సాయిరాల వరుసకు చెందినది కాదు. ఆ ఊరి పూర్వవృత్తాంతం రాసేవారు సబ్బి కంటె ముందు పరిశీలించవలసినది పొలవాస శాసనాలను.