మూర్ఖపద్ధతిలో ‘నేను’

భర్తృహరి నీతిశతకంలోని మూర్ఖపద్ధతిని పరనిందగానే చదవడం పరిపాటి. ఇసుక నుండి తైలం తీయవచ్చును గాని మూర్ఖుని మనసు రంజింపజేయలేమనే భావమే ప్రచారం పొందింది. అయితే అదే పద్ధతిలో ఉత్తమపురుషలో సాగే శ్లోకం ఒకటున్నది. అల్పజ్ఞుడై మదగజంలా మెలగిన వక్త, విద్వాంసుల సాన్నిధ్యంలో తాను మూర్ఖుడనని గ్రహించగా, మదం జ్వరంలా దిగిపోతుంది. మూర్ఖతకు ఔషధం లేదని వేరొక శ్లోకం తీర్పు చెప్పగా, ఈ జ్వరోపమ ఆ వ్యాధికి ఉపశమనం ఉన్నదని సూచిస్తున్నది. ఏనుగు లక్ష్మణకవి అనువాదంలో గజోపమ నిలిచింది, జ్వరోపమ జారిపోయింది, ‘మూర్ఖుడు’ ‘తెలియనివాడు’ అయినాడు. వినయం మిగిలింది గాని, వ్యంగ్యం వక్త మీదికే మరలే పదును తగ్గింది. కనుక ఈ పద్యాన్ని మూలంతో కలిపి బోధించినప్పుడే, మూర్ఖుని చూసి నవ్వే పాఠకుడు తననూ ఆ లెక్కలో చేర్చుకోగలడు.