ఓదార్చడం కూడా నేర్చుకోవాల్సిన పనే

చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో సికింద్రాబాదుకు వచ్చింది తిరుమలగిరి దండులోని బ్రిటిష్ సైనికులకు చాప్లెయిన్‌గా. చాప్లెయిన్ అంటే జనం తన దగ్గరికి రావాలని చూడకుండా, వాళ్లున్న చోటికే వెళ్లి పటాలంలోనో ఆసుపత్రిలోనో జైల్లోనో పనిచేసే పాదిరి. పాస్నెట్ దండులో ఎక్కువ కాలం ఉండలేదు. మరుసటి ఏడాదే మెదక్ దారి పట్టాడు. తర్వాత కరువు రోజుల్లో ఆకలితో వచ్చినవాళ్లకు ఊరికే గింజలు పంచకుండా చర్చి కట్టే పని ఇచ్చాడని మెదక్ వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1914లో మొదలైన ఆ కట్టడం 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరుపుకుంది. చూడ్డానికి వెళ్లినవాళ్లు 175 అడుగుల గోపురాన్ని, రంగుటద్దాల కిటికీలను చూసి మురుస్తారు. నాకు మాత్రం ఆ రాళ్లు మోసినవాళ్ల కూలే పెద్ద విషయం. చెయ్యి చాచాల్సి వచ్చిన మనిషికి, కష్టపడి తెచ్చుకున్న కూలి ఇచ్చే మర్యాద ఏ ప్రసంగమూ ఇవ్వలేదు.

ఈ పద్ధతి తెలుగునాట అంతకుముందే ఉంది. 1876-78 నాటి పెద్ద కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని కల్పించాడు. ఆయన దగ్గరున్న బోధకులే మేస్త్రీలు. అయితే చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. కరువు సహాయం నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చినవాణ్ని విశ్వాసి కింద లెక్క కట్టకూడదని ఆయన పట్టు. సహాయం ముగిశాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె చూసి పొంగిపోయేవాళ్లూ ఉన్నారు, అనుమానించేవాళ్లూ ఉన్నారు. నా దృష్టిలో ఆ అంకె కన్నా అంతకుముందు ఆపిన నెలలే గొప్పవి. సహాయాన్ని మతప్రచారానికో రాజకీయానికో వాడకూడదని రెడ్‌క్రాస్ తదితర సంస్థలు ప్రవర్తనా నియమావళిలో రాసుకున్నది 1994లో.

కూలి, గింజలు, మందులు సరే. అన్నీ పోయినవాడి పక్కన కూర్చున్నప్పుడు ఏం చెయ్యాలి? దీనికి బైబిల్లో అందరికన్నా మంచి గురువులు యోబు స్నేహితులు, అదీ మొదటి వారం మాత్రమే. పిల్లలనూ ఆస్తినీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబు దగ్గర వాళ్లు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటా ఆడకుండా నేల మీద కూర్చున్నారు. తర్వాత నోరు విప్పి, నీ పాపమే దీనికి కారణమంటూ వాదన మొదలుపెట్టి అంతా చెడగొట్టారు. మన పరామర్శల్లో జరిగేదీ ఇదే. ‘దేవుని చిత్తం’, ‘ఆయన ప్రేమించి తీసుకున్నాడు’ అన్న మాటలు చెప్పేవాడికి ఊరట, వినేవాడికి పుండు మీద కారం. శిక్షణ పొందిన చాప్లెయిన్ కారణాలు చెప్పడు. ‘ఏం జరిగిందో మొత్తం చెప్పండి’ అని తవ్వడు కూడా. విపత్తు జరిగిన వెంటనే బాధితుల చేత అంతా బలవంతంగా చెప్పించడం మేలు చెయ్యదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని హెచ్చరిస్తుంది. అది చెప్పే పని మూడు ముక్కల్లో ఉంది: చూడు, విను, కలుపు.

కలపడమంటే చాలాసార్లు ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం. వరద తీసిన ఇంట్లో నానిపోయిన కాగితాల కట్ట పట్టుకుని కూర్చున్న రైతుకు తహసీల్దారు కార్యాలయానికి తోడు వెళ్లడమూ ప్రార్థనలో భాగమే. తప్పిపోయినవాళ్ల జాడ తియ్యడం, బాధితుడు హిందువైతే పురోహితుణ్ని, ముస్లిమైతే మౌల్వీని పిలిపించడం కూడా ఈ కోవలోవే. తన ప్రార్థనే పెద్దదనుకునే పాస్టరు ఇక్కడ పనికిరాడు.

ఏడుపును ఆపకపోవడం మరో మెలకువ. నూటయాభై కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలూ విలాపాలే. దేవుణ్నే నిలదీసే మాటలు వాటిలో ఉన్నాయి. అయినా మన కూడికల్లో స్తుతి పాటలే ఎక్కువ. శవం మీద పడి పేరు పేరునా తలచి ఏడ్చే పల్లె ఆడవాళ్లకు విలాపం ఒకరు నేర్పక్కర్లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో వేలాది శవాలు కుప్పలుగా పడి ఉంటే సామూహికంగా దహనం చేశారు. ఎందరికో అయినవాళ్ల చివరి చూపు దక్కలేదు. దేహం దొరకని కుటుంబానికి భూస్థాపన జరగదు, దుఃఖానికి ఒక చోటు ఉండదు. అలాంటివాళ్లకు పేర్లు చదివి జరిపే జ్ఞాపకార్థ కూడిక మందులా పనిచేస్తుంది. మొదటి సంవత్సరీకం నాటికి కెమెరాలు వెళ్లిపోయి ఉంటాయి. ఆ తేదీ గుర్తుపెట్టుకుని ఆదరణ కూడికకు వచ్చే అయ్యగారు, అమ్మగారే అసలైన చుట్టాలు.

ఈ పనికి పాదిరే కానక్కర్లేదు. సికింద్రాబాదులో ప్రధాన కార్యాలయం ఉన్న క్యాథలిక్ ఆసుపత్రుల సంఘాన్ని 1943లో స్థాపించింది గుంటూరులో వైద్యం చేసిన ఆస్ట్రేలియా సిస్టర్, డాక్టర్ మేరీ గ్లౌరీ. ఆ సంఘంలోని ఆసుపత్రుల్లో చాలావరకు మారుమూల ఊళ్లలో సిస్టర్లు నడిపే చిన్నవి. అక్కడి నర్సు సిస్టర్ విపత్తు తర్వాత బయటినుంచి రానవసరం లేదు, ముందునుంచీ అక్కడే ఉంటుంది. ఎవరి కోడలు నిండు చూలాలో, ఏ ముసలాయనకు షుగరు మాత్రలు కావాలో ఆమెకు తెలుసు. అయితే ఆమె ఇల్లూ మునుగుతుంది, ఆమెకూ నిద్ర పట్టదు. ఓదార్చేవాళ్లను వంతులవారీగా విశ్రాంతికి పంపాలన్న నియమం శిక్షణ పుస్తకాల్లో ఉంది. సహాయ బృందాన్ని పంపే ప్రతి సంఘమూ బియ్యం బస్తాలతో పాటు ఆ వంతుల జాబితా కూడా రాసుకుని బయల్దేరాలి.