వానదినము: ఆంగ్ల లోకోక్తుల తెనిగింపును గూర్చి యొక విమర్శ

ఆంగ్ల లోకోక్తులను, పలుకుబళ్లను తెనిగించుటకు మార్గములు రెండు. మాటకు మాట పెట్టుట యొకటి. భావమునకు దగిన దేశీయమగు సామెతను వెదకుట మఱియొకటి. మొదటిది సులభమగుటచే పాఠశాలలలో దానికే వాడుక హెచ్చు. దాని గుణదోషములను పరీక్షించుటకు అనంతపురపు మెట్టసీమ మంచి యొరగల్లు.

ఈ సీమ పడమటి కనుమల చాటున నున్నది. నైరుతి మేఘములు తడి గోల్పోయి యిచటికి వచ్చును. ఈశాన్యపు వానలును కొద్దిగనే చేరును. ఏటి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుసెనగ పైరు చాలవఱకు ఆ వాననే నమ్ముకొని యుండును.

ఇట్టిచోట 'సేవ్ ఫర్ ఎ రెయినీ డే' అను పలుకుబడిని "వానదినమునకై దాచుకొనుము" అని తెనిగించిన నేమగును? ఆంగ్లోక్తిలో వానదినము కష్టదినము. ఇచటి రైతునకది విత్తు దినము. అతడును దానికై దాచును. దాచిన విత్తనములను ఆనాడే వెలికి దీయును. కావున వాక్య మతనికి బోధపడును, కాని విపరీతముగ బోధపడును. అర్థము కాని యనువాదమును గూర్చి శిష్యుడు ప్రశ్నించును. తప్పుగ నర్థమైన దానిని ప్రశ్నింపడు. ఇదియే యీ మార్గమున గల ముఖ్యదోషము. "కఱవు నాటికి దాచుకొనుము" అన్నచో మాట తలక్రిందయ్యును భావము నిలుచును.

'ప్రతి మేఘమునకు వెండియంచు కలదు' అనునదియు నిట్టిదే. ఆంగ్లోక్తిలో మేఘము దుఃఖము, అంచు ఆశ. "ఆరుద్ర కురిసిన దారిద్ర్యము లేదు" అను సీమలో మేఘమే యాశ, అంచుతో పనిలేదు. 'ఎండ కాయుచుండగనే గడ్డి యెండబెట్టుకొనుము' అనునది యింత దూరము కాదు. పెఱికిన వేరుసెనగ నారబెట్టునపుడు ఇచటి రైతును ఎండనే కోరును. అయినను ఎండ యరుదు గాని చోట ఆ మాటలోని తొందర తోపదు. "దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనవలెను" అను మన సామెతలో నా తొందర యున్నది.

యథాతథానువాదము లన్నియు త్యాజ్యములని నా వాదము కాదు. ఆంగ్లమున 'క్రోకడైల్ టియర్స్' అనుదానికి మాటకు మాట సరిపోవు 'మొసలికన్నీరు' తెలుగున చక్కగ చెల్లుచున్నది. దాని యర్థ మేసీమయందును తలక్రిందు కాదు.

1868లో చెన్నపట్టణమున 'ఆంధ్రలోకోక్తి చంద్రిక'ను ప్రకటించిన కెప్టెన్ కార్, తెలుగు సామెతలకు ఆంగ్లానువాదముతో తృప్తిపడక వివరణమును గూడ జేర్చెను. అనువాద మొక్కటియే చాలదని యా యేర్పాటే చెప్పుచున్నది. తెలుగునుండి ఆంగ్లమునకు బోవువాడు పాటించిన జాగ్రత్తను, ఆంగ్లమునుండి తెలుగునకు వచ్చు మనము పాటింపకుండుట న్యాయము కాదు.

కావున పండితులకు నా మనవి యిది. ముందు మాటకు మాట చెప్పుడు. పిదప ఆంగ్లదేశమున నా మాట కా యర్థ మేల వచ్చెనో చెప్పుడు. తుదకు మన సామెతను జూపుడు. మొదటిది విడిచిన ఆంగ్లము రాదు. రెండవది విడిచిన కారణము తెలియదు. మూడవది విడిచినచో, వానకై యాకాశము చూచు నింటి బిడ్డ, వాన కష్టమని వ్రాసి పరీక్షయందు నెగ్గునే కాని, ఆ మాటను తన నోట నెన్నడు నాడడు.